ఫెలిస్మీనా కూతురు

తలుపులు మూడింటికి తీస్తారని చెప్పారు. మూడూ పది దాటింది, అర్లిండా ఇంకా కారు దిగలేదు. హీటరు వేసే ఉంచింది, అయినా పాదాలు చల్లగానే ఉన్నాయి. మంచు కరగడానికి రోడ్డు మీద పోసిన ఉప్పంతా ఎగిరి అద్దానికి పట్టింది, ఆ మరకల అవతల తెల్లరంగు వేసిన రెండంతస్తుల ఇల్లు, అంత్యక్రియలు జరిపించేవాళ్ళది, గుమ్మం పక్కన నల్లబోర్డు, బోర్డు మీద తెల్ల అక్షరాలు గుచ్చి పెట్టిన అమ్మ పేరు. ఫెలిస్మీనా. ఆ పేరు అలా బోర్డుకెక్కడం అర్లిండాకి కొత్తేమీ కాదు. షికాగోలో చూసింది, మాంట్రియల్‌లో చూసింది, హాళ్ళ ముందు దీపాల మధ్య చూసింది, డిస్కు అట్ట మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తూనే ఉంది. ఇక్కడ మాత్రమే ఆ పేరుగల మనిషి లోపల పెట్టెలో పడుకుని ఉంది. నాలుగింటికి పాదరీ వస్తాడు. ఆయన వచ్చాక ఇక ప్రార్థనలే, ఇంకో గొంతు లేవకూడదు. ఈలోగా గీజా ఎత్తుకోవాలి, శోకాలు పెట్టి అమ్మను సాగనంపాలి. "నువ్వే ఎత్తుకోవాలే, ఇంకెవరున్నారు మనకి? నాకా ఆయాసం," అని ఇదాలీనా పిన్ని నిన్న ఫోన్‌లో తేల్చేసింది. సరే అంది అర్లిండా. లోకమంతా మెచ్చిన గొంతు, అమ్మ దగ్గర ఏడవలేదా అనుకుంది. తీరా ఇక్కడికొచ్చి కారాపి, ఎవరూ వినకుండా ఒకసారి చూసుకుందామని పెదవులు మూసుకుని సన్నగా తీస్తే, వచ్చింది ఏడుపు కాదు. పాట. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తనతో వాయించే లెమ్యుయెల్ బేస్ తీగ మీద వేలు వేస్తాడో అన్నీ వరుసగా గుర్తొచ్చే పాట. ఇంకోలా తీసింది. అదీ పాటే. గొంతు మూసుకుని కూర్చుంది.

సముద్రపు కాకులు రెండు పార్కింగు స్థలంలో దేనికోసమో కొట్టుకుంటున్నాయి. వాటి అరుపులో స్వరం వెతకబోయి తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ అలవాటు ఎప్పుడొచ్చింది, ఏ చప్పుడు విన్నా ఇది ఎందులోకి పనికొస్తుందా అని చూడడం? చిన్నప్పుడు లేదు. చిన్నప్పుడు వేర్‌హామ్ దగ్గర క్రాన్‌బెర్రీ మడుల్లో అమ్మమ్మ గౌను పట్టుకుని నడిచేటప్పుడు చప్పుళ్ళు చప్పుళ్ళే. బిబియానా అమ్మమ్మ చెక్క దువ్వెనలాంటి గరిటెతో తీగల్లోంచి పళ్ళు దువ్వేది, టపటపమని పెట్టెలో పడేవి, అమ్మ పక్క వరుసలో మోకాళ్ళ మీద, పిన్ని ఆ పక్క వరుసలో, మోకాళ్ళకి కట్టుకున్న గోనెలు తడిసి బరువెక్కి, అక్టోబరు చలిలో అందరి నోళ్ళ నుంచీ పొగలు. సముద్రం అవతలి దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాలన్నీ ఆ మడుల్లోనే ఒంగేవి. ఎవరింట్లోనైనా మనిషి పోతే కబురు ముందు అమ్మమ్మకే వచ్చేది. గరిటె అక్కడే పడేసి, మోకాళ్ళ గోనెలు విప్పి, తలకి నల్లగుడ్డ చుట్టుకుని బయలుదేరేది. దారంతా మామూలుగానే కబుర్లు చెప్పేది, ఎవరి కోడలు ఎవరితో పోయిందో, ఏ పడవ ఎప్పుడొస్తుందో. గుమ్మంలో కాలు పెట్టగానే గొంతు లేచేది. ఆ గొంతు అమ్మమ్మది కాదు. అర్లిండా గౌను వదిలేసి గోడకి అతుక్కుపోయేది. పోయినవాళ్ళ బతుకంతా అందులో పెట్టి ఏడ్చేది అమ్మమ్మ, నీ చేతి రొట్టె ఎవరు తింటారు, నీ కుక్కకి ఎవరు తలుపు తీస్తారు అని. చివర్న తన కబురు కూడా పంపేది. సముద్రంలో పోయిన తాతకి. "అక్కడ మా ఆయన కనిపిస్తే చెప్పు, ఇంటికప్పు ఇంకా కురుస్తోందని చెప్పు, బాగుచేయిస్తానన్న మనిషి ఏడీ అని చెప్పు." ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వేవాళ్ళు.

"ఏడవకుండా పంపితే ఏమవుతుంది అమ్మమ్మా?" అని ఒకరోజు తిరిగొస్తూ అడిగింది. "గుమ్మం దాటలేరే. ఎటు పోవాలో తెలియక అక్కడే కూచుంటారు. దారి చెప్పేది ఏడుపే." ఇంకేదో కూడా చెప్పింది అప్పుడు. బయటివాళ్ళు ఎలా ఏడవాలి, ఇంటివాళ్ళు ఎలా ఏడవాలి అని ఏదో లెక్క. అర్లిండా దృష్టంతా చేతిలో ఉన్న తీపిరొట్టె మీద ఉంది. చావింట్లో ఎవరో ఇచ్చిన రొట్టె, మధ్యలో ఎండుద్రాక్ష. ఆ ద్రాక్ష రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. అమ్మమ్మ మాట లేదు. పదేళ్ళ పిల్ల చెవిన వేసుకోవలసింది వేసుకోలేదు, రాగం మాత్రం ముక్క పోకుండా దాచుకుంది. అలా దాచుకోవడాన్నే తర్వాత పత్రికలవాళ్ళు వారసత్వం అన్నారు. దొంగతనం అన్నా సరిపోయేది.

వైపర్ ఒకసారి తిప్పింది. ఉప్పు ఇంకా అలుక్కుపోయింది తప్ప అద్దం తేటపడలేదు. గుమ్మంలో నల్లకోట్లు కనిపిస్తున్నాయి, ఒకరినొకరు వాటేసుకుంటున్నాయి, లోపలికి పోతున్నాయి. తను కనిపిస్తోందా వాళ్ళకి? కనిపిస్తే ఏమనుకుంటారు, మహారాణి ఇంకా మేకప్ గదిలోనే ఉంది అనుకుంటారు. తనకి పాతికేళ్ళప్పుడు ప్రావిడెన్స్‌లో బార్లో పాడుతున్నప్పుడే అమ్మ ఆ మాట అనేసింది. "పొద్దున్న చేపల షెడ్డులో పనికి రమ్మంటే గొంతు పోతుందంటావు, రాత్రి తాగుబోతుల మధ్య పొగలో పాడితే పోదేం మహారాణీ?" కోపంతో కాదు, నవ్వుతూనే. అమ్మ నోట్లో మాట పదును తేలకుండా బయటికొచ్చేది కాదు. ఆ బార్లోనే లెమ్యుయెల్ దొరికాడు, గది మూల బీరువాలా నిలబడి బేస్ వాయించే మనిషి, నోట్లో మాట తక్కువ. అందరిలా పాత జాజ్ పాటలే పాడేది అప్పట్లో, బాగానే పాడేది, అలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. తర్వాత తిరగడం మొదలుపెట్టింది. టొరంటోలో స్టాంకా అని బల్గేరియా ముసలావిడ దగ్గర రెండు గొంతులు ఒకదానికొకటి ఒరుసుకునేలా పాడడం నేర్చుకుంది. ఎడిసన్‌లో వైద్యనాథన్ మాస్టారి ఇంట్లో, మృదంగం ముందు నేల మీద కూర్చుని, చేత్తో తాళం వేయడం నేర్చుకుంది. కొట్టు, వేళ్ళు లెక్కపెట్టు, కొట్టు, చెయ్యి వెల్లకిలా తిప్పి విసురు. "ఆ విసురు ఎందుకు మాస్టారూ, చప్పుడే రాదు కదా?" అంటే ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "చప్పుడు రాకపోతే లెక్కలో లేదా? అది కూడా దెబ్బేనమ్మా. కనిపించని దెబ్బ." ఎక్కడికెళ్ళినా ఒక ముక్క తెచ్చుకుని సంచిలో వేసుకుంది. అన్నీ పోగయ్యాక చూసుకుంటే సంచి అడుగున అమ్మమ్మ ఏడుపు ఉంది. మిగతా ముక్కలన్నీ దానికే అతుకుతున్నాయి.

డిస్కు రికార్డు చేసిన స్టూడియో గోడలకి ఆకుపచ్చ గుడ్డ ఉండేది. బయట వాన. అమ్మమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. గీజా పాట చేద్దామని అర్లిండాయే అంది, లెమ్యుయెల్ తలూపాడు. అంతా కుదిరింది, ఒక్కచోట తప్ప. గీజాలో పోయినవాళ్ళని పిలిచే చోటు ఒకటుంటుంది, నాలుగు లెక్కల చోటు. అక్కడ ఎవరినో ఒకరిని పిలవాలి. ఎవరిని? అమ్మమ్మని పిలుద్దామనుకుంది, అమ్మమ్మా అంటే అందులో నాలుగు లెక్కలు నిండలేదు. అమ్మా అని చూసింది, ఒక్క లెక్కకే అయిపోయింది, తర్వాత గుంటలాగా ఖాళీ. బిబియానా అని పేరుపెట్టి చూసింది, గొంతు పైకి లేవలేదు. అద్దం అవతల నుంచి "ఉత్తినే ఏదో ఒకటి అను, మైకు చూసుకుంటాం" అన్నారు. నోటికొచ్చింది అంది. ఫె-లిస్-మీ-నా. నాలుగు లెక్కలు, కొలిచి కోసినట్టు. ఆ చివరి నా మీద గొంతు స్టాంకా నేర్పినట్టు విరిగింది, విరిగిన చోట ఎవరూ అందుకోలేదు, ఇంకో నాలుగు లెక్కలు అలాగే పోయాయి. అర్లిండా చెయ్యి దానంతటదే వెల్లకిలా తిరిగింది, విసిరింది. తర్వాత లెమ్యుయెల్ అందుకున్నాడు. పాట అయ్యింది. లెమ్యుయెల్ వాద్యాన్ని గోడకి ఆనించి అడిగాడు. "ఎవరా ఫెలిస్మీనా?" "మా అమ్మ." "అయ్యో. ఎప్పుడు పోయారు?" అర్లిండా నవ్వింది. ఇప్పుడీ కారులో కూర్చుని ఆ నవ్వు వింటోంది. ఎంత తేలిగ్గా నవ్వింది! "పోలేదు. ఇంట్లో చేపల పులుసు వండుకుంటోంది." లెమ్యుయెల్ నవ్వలేదు. "మళ్ళీ పాడదాం, పేరు మార్చి" అన్నాడు. పాడారు, పదకొండుసార్లు పాడారు, పదకొండు పేర్లతో. ఏదీ మొదటిదానిలా రాలేదు. తెలిసి తెలిసి మొదటిదాన్నే ఉంచింది. పాట బాగుండాలనే ఉంచింది. ఇంకే కారణమూ లేదు, ఆ మాట ఎక్కడా ఎవరితోనూ ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటోంది.

డిస్కు బయటికొచ్చిన వారంలో సొంత ఊరు న్యూ బెడ్‌ఫర్డ్‌లో దక్షిణపు వీధులన్నీ ఒంటికాలి మీద లేచాయి. బతికున్న మనిషికి గీజా పెట్టడమా? చావుని ఇంటి గుమ్మం చూపించి పిలవడమే కదా అది. అమ్మ ఇంటికి ఆడవాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చిపోయేవారు, ఒకావిడ బీన్సన్నం తెచ్చేది, ఒకావిడ గిన్నె అడిగేది, అందరూ వచ్చేది అమ్మ ఊపిరి తీస్తోందో లేదో చూడ్డానికే. అమ్మ వాళ్ళందరినీ కూర్చోబెట్టి, "రండి రండి, శవం కాఫీ పెడుతుంది, తాగి వెళ్ళండి" అనేదట. అర్లిండా భయపడుతూ భయపడుతూ ఇంటికొచ్చినప్పుడు తిట్టలేదు. అదే తేడా. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క విషయం మీద మాత్రం నోరు విప్పలేదు. చేపముల్లు తీసి పళ్ళెంలో పెట్టింది, తినమంది. పాట విన్నావా అంటే విన్నానంది. ఎలా ఉందంటే, "నీ గొంతుకేం, బాగానే ఉంటుంది" అంది. ఆ తర్వాత కచేరీకి పిలిస్తే రాలేదు, ఏ ఊళ్ళోనూ, ఒక్కసారీ రాలేదు. వేసవి తిరనాళ్ళకి సొంత ఊళ్ళో, ఇంటికి నాలుగు వీధుల అవతల వేదిక కట్టి, వీధి వీధంతా వచ్చి నిలబడినా, అమ్మ మాత్రం వసారాలో కూర్చుని బఠాణీలు ఒలుచుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అర్లిండా తిరగేసి గెలిచింది, ఇల్లు అలాగే మిగిలిపోయింది.

భయం మాత్రం అమ్మకి కాదు, అర్లిండాకి పట్టుకుంది. ఆ పాట లేకుండా జనం వేదిక దిగనివ్వరు. పాడిన ప్రతిసారీ, నాలుగు లెక్కల చోట ఆ పేరు పిలిచిన ప్రతిసారీ, ఎక్కడో ఒక వంటింట్లో ఒక ముసలావిడ చేతిలోంచి గరిటె జారిపడ్డట్టు కనిపించేది. తెల్లారగానే హోటల్ గదిలోంచి ఫోన్ చేసేది. రెండు మోతలు, మూడు మోతలు, నాలుగో మోత. అమ్మ ఎత్తేది. ఎవరని అడిగేది కాదు. "ఇంకా ఉన్నా," అనేది. పెట్టేసేది. అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు, ఎన్ని ఊళ్ళో, ఎన్ని పొద్దులో, ఆ రెండు ముక్కలే. పండగలకీ పుట్టినరోజులకీ మామూలుగా మాట్లాడేది, పిన్ని మీద చాడీలు చెప్పేది, కోటు కొనుక్కోమని పోరేది. పాట పాడిన మర్నాడు మాత్రం ఇంకా ఉన్నా, అంతే. అర్లిండాకి ఆ మాట లేకుండా పళ్ళు తోముకోవడం కూడా చేతకాకుండా పోయింది. ఒక్కోసారి పాడకపోయినా ఆ మాట వినబడేది. రైల్లో, విమానం దిగే మెట్ల మీద, స్నానాల గదిలో నీళ్ళు పడుతున్నప్పుడు. వెనక్కి తిరిగి చూసేది.

ఇప్పుడూ వినబడుతోందా? హీటరు ఆపింది. కారు నిశ్శబ్దమైంది, పక్క సీటు మీద తన నల్లచేతిసంచి ఉంది, అంతే. పక్క సీట్లో కూర్చుంటే అమ్మ ఎప్పుడూ బెల్టు పెట్టుకునేది కాదు, పట్టుకుని కూర్చునేది. వెనక్కి తిరిగి చూడకు అని తనకి తాను చెప్పుకుంది. చూసింది. వెనక సీటు మీద గొడుగు.

పోయిన శనివారం షికాగోలో పాడింది. ఆదివారం పొద్దున ఫోన్ చేసింది, అమ్మ ఎత్తింది, ఇంకా ఉన్నా అంది. గొంతులో నలత లేదు, దగ్గు లేదు. మంగళవారం పొయ్యి మీద కాంజా జావ పెట్టుకుని, కోడిమాంసం ఉడికేదాకా కూర్చుందామని కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే పోయింది. పిన్ని వచ్చి పొయ్యి ఆర్పింది. మంగళవారం అర్లిండా ఏమీ పాడలేదు. బట్టలు ఉతుక్కుంది. ముప్పై ఒక్క ఏళ్ళు పాడిన పాటకి జడవని మనిషి, పాడని రోజు చూసుకుని పోయింది. ఇందులో ఊరట ఉందా అని నాలుగు రోజులుగా వెతుకుతోంది. నా వల్ల పోలేదు అని చెప్పుకుంటుంది. వెంటనే, నీ ప్రమేయమే లేకుండా పోయింది అని ఇంకో గొంతు అంటుంది. పోయేటప్పుడు కూడా నీ పిలుపుతో పని లేకపోయింది అంటుంది. అన్నిసార్లు అబద్ధానికి ఏడ్చావు, అది నిజమైన రోజు నీ దగ్గర ఏముంది? ఏమీ లేదు. కన్నీళ్ళు కూడా రాలేదు ఇంతవరకూ. ఎక్కడ ఏడవాలో గొంతుకి తెలుసు, ఎక్కడ విరగాలో తెలుసు, అందుకే అది పనికిరాదు. లోపలికెళ్ళి ఆ పాటే పాడితే? చప్పట్లు ఒక్కటే తక్కువ. పాడకపోతే అమ్మ గుమ్మం దాటదు. ఈ తెల్లింటి గుమ్మంలో, ఈ ఉప్పులో, ఎటుపోవాలో తెలియక నిలబడిపోతుంది. చదువుకున్నదానివి, ఇలాంటివి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నమ్మనని చెబుతుంది. నమ్ముతుంది.

అద్దం మీద టకటకమని కొట్టారు. ఉలిక్కిపడింది. ఇదాలీనా పిన్ని, ఎనభై రెండేళ్ళ మనిషి, కోటు కూడా సరిగా తొడుక్కోకుండా మంచులో నిలబడి ఉంది. తలుపు తీయగానే అమ్మ కూర్చునే సీట్లో, చేతిసంచి మీదే కూలబడింది.

"ఏమే, లోపల మీ అమ్మ ఎదురుచూస్తుంటే ఇక్కడ కాపరం పెట్టావా?"

"నా వల్ల కాదు పిన్నీ. ఏం తీసినా పాటే వస్తోంది."

"వస్తే రానీ. నువ్వు పాటలదానివేగా."

"ఆ పాటతోనేగా అమ్మని చంపుకుంది. బతికున్న మనిషికి శోకాలు పెట్టాను. ముప్పై ఏళ్ళు క్షమించలేదు నన్ను."

పిన్ని కోటు బొత్తాలు పెట్టుకోవడం ఆపి ఆమె మొహం కేసి చూసింది. "దేనికి క్షమించలేదనుకుంటున్నావే?"

"దేనికేంటి? ముందే చంపేసినందుకు."

"ఓసి పిచ్చిదానా! చావంటే మీ అమ్మకి లెక్కేంటే? సముద్రం మీద తండ్రిని, ఆసుపత్రిలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఊళ్ళోవాళ్ళు శవం శవం అంటుంటే పడీ పడీ నవ్వేది. అది కాదు." పిన్నికి ఆయాసం వచ్చింది. "పేరు పెట్టి పిలిచావు."

అర్లిండాకి అర్థం కాలేదు.

"మా అమ్మ నీకు చెప్పలేదా? బయటివాళ్ళు పేరు పెట్టి ఏడుస్తారు, ఇంటివాళ్ళు వరస పెట్టి ఏడుస్తారు. నా మొగుడు పోయినప్పుడు మా అమ్మ అల్లుడా అని ఏడ్చింది గానీ పేరెత్తిందా? పేరు పెట్టి ఏడ్చేది పిలిస్తే వచ్చినవాళ్ళు. ఆ డిస్కు మొదటిసారి వినేటప్పుడు నేను పక్కనే ఉన్నా. చావు పాటని నాకు భయమేసింది, దానికి లేదు. ఊరికే అలా వింటోంది. అయ్యాక అంది, 'ఇదీ, నా పిల్ల లోకమంతా వినేలా నన్ను పరాయిదాన్ని చేసింది' అంది. ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!" అర్లిండా గొంతు లేచింది. "ఒక్కసారి చెబితే మార్చేదాన్నిగా!"

"నేనూ అదే అన్నా. 'అడిగి పిలిపించుకుంటే అదీ ఒక పిలుపేనా' అంది." పిన్ని తలుపు తీసుకుని ఒక కాలు మంచులో పెట్టింది. "మొండిఘటం. నువ్వూ దాని కూతురివేలే. పద, నాలుగు కావస్తోంది."

ఎండుద్రాక్ష, తీపిరొట్టె, మడుల పక్కన మట్టిదారి, అమ్మమ్మ తడి గోనెలు. బయటివాళ్ళు ఎలా ఏడవాలి, ఇంటివాళ్ళు ఎలా ఏడవాలి. చెప్పింది. అమ్మమ్మ చెప్పింది, నడుస్తూ, మామూలు గొంతుతో, అన్నంలో ఉప్పెంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. పిల్ల తింటూ ఉంది. పదకొండు పేర్లతో పదకొండుసార్లు పాడింది స్టూడియోలో, పేరు పేరుకీ తప్పే చేసింది. ఒక్క లెక్కకే అయిపోయిందని, గుంటలా ఉందని వదిలేసిన మాటే ఉండవలసిన మాట. ఇంకా ఉన్నా, ఇంకా ఉన్నా అని పొద్దున్నే అన్నదంతా చావలేదని చెప్పడానికి కాదేమో. ఇప్పటికైనా పిలుస్తావేమో, ఇంకా ఉన్నా అనేమో. ఆ ఆలోచన రాగానే అర్లిండా పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది, పిన్ని జారతావే అంది, మంచు మీద ఇద్దరూ చిన్న చిన్న అడుగులేసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. గుమ్మంలో అర్లిండా ఆగింది, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి లోపలికి అడుగు పెట్టింది.

వేడి, పూల వాసన, తడిసిన ఉన్నికోట్ల వాసన. నలభై మంది ఆడవాళ్ళు మడతకుర్చీల్లో ఉన్నారు, సగం మంది ఎవరో తెలియదు, అర్లిండా పేరుకెక్కిన కాలంలో పుట్టినవాళ్ళు. అందరూ తిరిగి చూశారు. పెట్టె చివర అమ్మ ముక్కు కనిపించింది, ఆపైన తెల్లజుట్టు, ఎవరో పాపిడి తప్పు వైపు తీశారు. నడిచి అక్కడికి వెళ్ళింది. అమ్మ చేతుల మీద చెయ్యి వేసింది. ఎత్తుకోవాలి. నోరు తెరిచింది, ఏమీ రాలేదు, పాట కూడా రాలేదు ఈసారి. గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు చూపిస్తోంది. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో దగ్గారు. ఇంకెంతసేపూ అని పిన్ని కళ్ళతో అడుగుతోంది.

మూడో వరుసలో ఒక ముప్పై ఏళ్ళమ్మాయి, ఎర్రబొట్ల స్కార్ఫు కట్టుకున్న పిల్ల, సన్నగా ఎత్తుకుంది. పాపం, సాయం చేద్దామనే. పక్కావిడ కలిసింది, ఆ పక్కావిడ కలిసింది. అర్లిండా వాళ్ళ కేసి తిరిగింది. అది అమ్మమ్మ గీజా కాదు. తనది. డిస్కులోది. ఏ గొంతు ఎక్కడ ఊపిరి తీస్తుందో తను తీసిన చోటే తీస్తున్నాయి. టొరంటోలో స్టాంకా వంటింట్లో నేర్చుకున్న ఒరుపు, న్యూ బెడ్‌ఫర్డ్ ముసలమ్మల గొంతుల్లో, పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు ఒరుసుకుంటోంది. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, తను ఊళ్ళు తిరుగుతూ ఏ చావుకీ రాలేదు, వీళ్ళకి నేర్పేవాళ్ళు లేక డిస్కు పెట్టుకుని, తిరనాళ్ళ వేదిక మీద తనని చూసి నేర్చుకున్నారు. ఎన్ని ఇళ్ళలో ఏడ్చి ఉంటారు ఇలా, ఎందరి పేర్లు పెట్టి ఉంటారు ఆ నాలుగు లెక్కల చోట. ఇంకో గీజా లేదు ఇప్పుడు. తను చెడగొట్టిందే మిగిలింది. వాళ్ళ కళ్ళలో నీళ్ళు మాత్రం నిజం నీళ్ళు, చెంపల మీంచి కారుతున్నాయి.

గది గదంతా ఎక్కుతూ ఎక్కుతూ ఆ చోటికి వచ్చింది. నలభై గొంతులు పిలిచాయి. ఫె-లిస్-మీ-నా. ముప్పై ఒక్క ఏళ్ళకి ఆ పేరు ఆ మనిషి మీద సరిగ్గా కూర్చుంది. వాళ్ళు పేరు పెట్టి పిలవచ్చు, వాళ్ళు బయటివాళ్ళు. గొంతు విరిగే చోట విరిచారు, ఆపారు. ఆపి, నలభై మందీ, ఎనభై ఏళ్ళవాళ్ళూ పద్దెనిమిదేళ్ళవాళ్ళూ, కుడిచెయ్యి వెల్లకిలా తిప్పి గాల్లోకి విసిరారు, ఎడిసన్‌లో నేల మీద కూర్చుని వైద్యనాథన్ మాస్టారు విసిరినట్టు, పూర్వం నుంచీ దీవుల్లో ఇలాగే చేస్తారన్నట్టు. పిన్ని కూడా విసిరింది. నాలుగు లెక్కల ఖాళీ వచ్చి అర్లిండా ముందు నిలబడింది.

"అమ్మా," అంది.

అది పాడే గొంతు కాదు. జలుబు చేసిన గొంతులా గరగరమంది, ఏ శ్రుతిలోనూ లేదు. ఒక్క లెక్కకే అయిపోయింది. మిగిలిన మూడు లెక్కలూ ఆమె అమ్మ మొహం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి ఆగింది, హోటల్ గదుల్లో ఫోన్ చెవికి ఆనించుకుని ఆగినట్టే, రెండో మోత, మూడో మోత, నాలుగో మోత. ఇంకా ఉన్నా అంటుందేమోనని.

అమ్మ ఏమీ అనలేదు. అప్పుడు అర్లిండాకి ఏడుపొచ్చింది.